గొంతు ఎవరిది

పొద్దున ఎనిమిదయ్యేసరికి లాయరు ఇంటి ముందుగదిలో రెండు బెంచీలూ నిండిపోయేవి. అంతమంది కూర్చున్నా చప్పుడుండేది కాదు. ఫ్యాను కిర్రుమనడం, గుమాస్తా టైపు మిషను టకటకమనడం, అంతే. ఎవరైనా దగ్గితే గాలి మాత్రం వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయి, "ఏవండీ, ఇంట్లో ఎవరైనా పోయారా?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవరూ పోలేదు. వీళ్ళ గొంతులు లోపల స్నానం చేస్తున్నాయి, కూర్చోండి" అనేవాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. స్నానాల గదిలోంచి కర్రల అడితి యజమాని గొంతుతో "తువ్వాలు ఏదీ?" అని కేక వినిపించేది. వెంటనే పాలాయన గొంతుతో "ఆ చేత్తోనే సబ్బు కూడా" అని ఇంకో కేక. బెంచీ మీదున్న పాలాయన తన గొంతు క్షేమంగానే ఉందని తృప్తిగా తలూపేవాడు.

ఆ ఊళ్ళో వకీళ్ళ పద్ధతే అంత. వకాల్తా కాగితం మీద సంతకం పెట్టగానే క్లయింటు గొంతు వకీలుకి వెళ్ళిపోయేది. కేసు తేలిననాడు తిరిగొచ్చేది, ఒక్కోసారి కాస్త జలుబుతో. అందుకే కోర్టువాళ్ళ ప్రతి కాగితం మీదా "గొంతు ఎవరిది" అని ఒక గడి ఉండేది. వకీలు ఎవరి గొంతుతో మాట్లాడాడో గుమాస్తాలు ఆ గడిలో నింపాలి. సంతకానికి ముందు ఈ లాయరు గుమాస్తా మాత్రం ఒక మాట అడిగి తీరేవాడు: "ఇంట్లో చెప్పాల్సినవన్నీ చెప్పేసే వచ్చారా? తాళాలు ఎక్కడున్నాయి, ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ?" జనం నాలుక కరుచుకుని ఇంటికి పరిగెత్తి, చెప్పాల్సినవి చెప్పి, మళ్ళీ వచ్చేవాళ్ళు.

లాయరు సొంత గొంతు సన్నం. బడిలో పిల్లలు ఆయన్ని దోమ అనేవాళ్ళు. కోర్టుకి సెలవులొచ్చి, చేతిలో కేసుల్లేనప్పుడు ఇంట్లో ఆ గొంతు వినిపించేది. భార్యకి ఆ గొంతంటే ఇష్టమే, కానీ ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఆయనతో అనలేదు. ఆయనకి మాత్రం దానిమీద ఎంత అసహ్యమంటే, సెలవులు రాకముందే ఏదో ఒక చిన్న కేసు, మేకపిల్లదైనా సరే, పుచ్చుకుని ఉంచుకునేవాడు.

అలాంటి రోజుల్లో మిషనక్క వచ్చింది.

మార్కెట్టు వెనక వీధిలో బట్టలు కుట్టే మనిషి. పెద్దలూ పిల్లలూ అందరూ మిషనక్క అనే పిలిచేవాళ్ళు. భర్త పోయి మూడు నెలలు. ఆమెకి అయిదో నెల. ఉన్న రెండు గదులూ, ముందున్న కుట్టు దుకాణమూ తనవేనని భర్త అన్నగారు దావా వేశాడు. గుమాస్తా మామూలుగా అడిగే మాట అడిగాడు. ఆమె నవ్వింది.

"ఇంట్లో చెప్పడానికి నాకెవరున్నారండీ? ఉన్నది ఇంకా నాలుగు నెలలకి గానీ రాదు. ఆ లోపల కేసు తేలిపోతుందా లాయరు గారూ?"

"ఆ లోపలే తేలిపోతుందమ్మా" అన్నాడు లాయరు, ఎవరిదో మేకల వ్యాపారి గొంతుతో.

ఆమె సంతకం పెట్టింది. "మరి వస్తా" అనబోయింది, మాట రాలేదు. ఆ మాట బల్లకి అవతలి నుంచి లాయరు నోట్లోంచి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె పెదవులు మూసుకుని వెళ్ళిపోయింది.

ఆ గొంతు తీయటిదేం కాదు. కాస్త బొంగురు కూడా. కానీ ఎదుటివాళ్ళు చెప్పిందంతా విన్నాకే మాట్లాడుతున్నట్టు ఉండేది. మొదటి వాయిదా రోజు లాయరు ఆ గొంతుతో నాలుగు మాటలు మాట్లాడగానే జడ్జి గారు కలం కింద పెట్టేశారు. బయటికి వెళ్తున్నవాళ్ళు వెనక్కొచ్చి నిలబడ్డారు. అవతలి వకీలు కూడా పరధ్యానంగా తలూపి, తర్వాత సిగ్గుపడ్డాడు. ఆ పూట లాయరు ఇంటికి వెళ్ళి భార్యని మంచినీళ్ళు అడిగాడు. పన్నెండేళ్ళుగా పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూడకుండా "అక్కడే ఉన్నాయి" అనే మనిషి, రెండు గ్లాసులు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ నీళ్ళు తాగుతూ లాయరు నిశ్చయించుకున్నాడు, ఈ కేసు ఇప్పట్లో తేలకూడదని.

వాయిదా అడగడం వకీళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి కాగితం దొరకలేదన్నాడు, ఒకసారి సాక్షికి జ్వరమన్నాడు, ఒకసారి తనకే అన్నాడు. నాలుగు నెలలు నిండిన రోజున, ఎవరిదో ప్రహరీ తగాదా వాదిస్తూ వాదిస్తూ లాయరు ఉన్నట్టుండి బల్ల అంచు పట్టుకుని పెద్ద కేక పెట్టాడు. ఆడమనిషి కేక. కిటికీల మీది పావురాలు లేచిపోయాయి. మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. అదే సమయానికి ఊరి చివర ఆసుపత్రిలో మిషనక్క నోరంతా తెరిచి మంచం పట్టెలు పట్టుకుని ఉందనీ, ఆ గదిలో సూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉందనీ నర్సు తర్వాత చెప్పింది. జడ్జి గారు గడియారం చూసుకుని, "ఇంకాసేపట్లో పుట్టేలా ఉంది. పది నిమిషాలు ఆగుదాం" అన్నారు. ఆడపిల్ల.

పిల్లని వీధిలో అందరూ గుండీ అనేవాళ్ళు. మిషనక్క మాత్రం కత్తెరతో బల్ల మీద కొట్టి పిలిచేది. ఒక దెబ్బ రమ్మని, రెండు అన్నానికి, మూడు కొడతానని. పిల్ల దానికే అలవాటు పడింది. ఇరుగమ్మలూ పొరుగమ్మలూ పాటలు పాడి నిద్రపుచ్చుతుంటే, మిషనక్క పక్కన కూర్చుని పెదవులు కదిపేది. అది చూసి వాళ్ళు పాట మధ్యలో తల తిప్పుకునేవాళ్ళు. అయినా ఎవరూ ఏమీ అనలేదు. కేసన్నాక గొంతు పోతుంది, అందరికీ తెలిసిందేగా.

ప్రతి వాయిదాకీ ఆమె లాయరు ఇంటికి వచ్చి, "ఎప్పుడు?" అని రాసిన చీటీ బల్ల మీద పెట్టేది. "వచ్చే వాయిదాకి అయిపోతుందమ్మా" అనేవాడు లాయరు, ఆమె గొంతుతోనే. తన గొంతే అంత నమ్మకంగా చెబుతుంటే కాదనడం ఎవరి తరం? ఇంటికి వెళ్ళాక గానీ ఆమెకి అనుమానం వచ్చేది కాదు.

రెండేళ్ళు చూసి ఇంకో వకీలు దగ్గరికి వెళ్ళింది. వకీలుని మార్చాలంటే "అభ్యంతరం లేదు" అని పాత వకీలు సంతకం పెట్టాలి. లాయరు పెట్టలేదు. చివరికి ఆమె జడ్జికే నేరుగా కాగితం రాసిచ్చింది: నా లాయరుని మార్చుకుంటాను, నా గొంతు నాకు కావాలి. జడ్జి చదివి తలెత్తాడు.

"ఏమ్మా, నీ ఇష్టంతోనే రాశావా ఇది?"

మిషనక్క నోరు తెరిచింది. పక్కనుంచి లాయరు, ఆమె గొంతుతో, నెమ్మదిగా అన్నాడు. "లేదండీ. ఏదో బెంగలో రాశాను. ఈయన్నే ఉండనివ్వండి."

జడ్జి రాసుకున్నాడు. గుమాస్తా తన కాగితం మీద, గొంతు ఎవరిది అన్నచోట, కుట్టుపని ఆవిడది అని నింపాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బల్ల మీద చేత్తో కొట్టింది. తల ఊపితే రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు. ఆ సాయంత్రం గుమాస్తా ఒకే ఉత్తరాన్ని మూడుసార్లు తప్పుగా కొట్టి చించేశాడని లాయరు భార్య చెప్పుకుంది.

ఆ మరుసటి ఏడు లాయరు శాసనసభకి పోటీ చేశాడు. మిగతా కేసులన్నీ వదిలేసి ఈ ఒక్కటే ఉంచుకున్నాడు. ఇక ఆ గొంతు మైకులోకి ఎక్కింది. సందు సందుకీ తిరిగింది. "మీ బాధ నాకు తెలుసు" అని అది అంటే, జనం గుమ్మాల్లోకి వచ్చి ఏడ్చేవాళ్ళు. మార్కెట్టు వెనక వీధివాళ్ళు గర్వంగా, "మా మిషనక్క గొంతే" అని చెప్పుకునేవాళ్ళు. మిషనక్క కిటికీ మూసేసి కుట్టుకునేది. మూడేళ్ళ గుండీ మాత్రం ఆ కిటికీ రెక్క తీసి, మైకు బండిని చూసి చప్పట్లు కొట్టేది. లాయరు గారొచ్చారు, లాయరు గారొచ్చారు అని. గెలుస్తాడని అందరికీ ముందే తెలుసు. గెలిచాడు.

ప్రమాణానికి రాజధానికి వెళ్ళేముందు గుమాస్తా ఒక్కమాట అన్నాడు. "అయ్యా, ఆ ఒక్క పూటా మీ సొంత గొంతుతో చెయ్యండి. బావుంటుంది."

"దోమ ప్రమాణం చేస్తే ఎవడు వింటాడయ్యా?" అన్నాడు లాయరు.

ఆయన మిషనక్క గొంతుతోనే ప్రమాణం చేశాడు. సభంతా ఊపిరి బిగపట్టి విన్నది. సభ్యుల్లో సగం మంది వకీళ్ళే కాబట్టి అక్కడి కాగితాల్లోనూ ఆ గడి ఉండేది: ప్రమాణం చేసిన గొంతు ఎవరిది. ఆ గడిలో తన పేరు రాసుకుని, తన గొంతుతో చదివి, సంతకం పెట్టడం అక్కడి ఆనవాయితీ. మన లాయరు కాగితాన్ని గుమాస్తాకి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా కోర్టు కాగితాలు నింపిన చెయ్యి, కోర్టులో ఏం రాస్తుందో అదే రాసింది: మార్కెట్టు వెనక వీధి కుట్టుపని ఆవిడది. ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తా నింపినదేదీ చదివి ఎరగని లాయరు కింద సంతకం పెట్టాడు. ఆ కాగితం బీరువాలోకి వెళ్ళి నాలుగేళ్ళు పడుకుంది.

ఆ నాలుగేళ్ళలో లాయరుకి బాగా పేరొచ్చింది. ఆయన లేచి నిలబడితే ఎదుటి పక్షం వాళ్ళు కూడా మాట్లాడటం ఆపేవాళ్ళు. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తుండేది కాదు, మనసు తేలికపడ్డట్టు మాత్రం ఉండేది. చివరికి మంత్రిని చేస్తామన్నారు. కొత్త ప్రమాణానికి పాత ప్రమాణం కాగితం కావాలి. సభ కార్యదర్శి, ఒక్క అక్షరం కూడా వదలకుండా చదివే మనిషి, బీరువా తీయించి ఆ గడి చదివాడు. రెండోసారి చదివాడు. గంటలో ఉత్తరం తయారైంది. అది వచ్చింది లాయరు ఇంటికి కాదు, మార్కెట్టు వెనక వీధికి.

"గౌరవ సభ్యురాలికి. ప్రమాణం చేసిన నాటినుంచి మీరు ఒక్కరోజూ సభకు హాజరు కాలేదు. వచ్చే సమావేశం మొదటిరోజున స్వయంగా హాజరై కారణం నోటిమాటగా చెప్పుకోవలెను. లేనిచో మీ స్థానం ఖాళీ అయినట్లు ప్రకటించబడును."

ఉత్తరం సంగతి తెలిసి లాయరు మొదట గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు. "ఇంత పప్పులో కాలేస్తావా?"

"అలవాటండీ" అన్నాడు గుమాస్తా, తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడుస్తూ. నిజంగా అలవాటో కాదో ఆయనకే తెలియాలి.

లాయరు ఎన్నడూ తొక్కని గడప తొక్కాడు. మధ్యాహ్నం మూడింటికి కుట్టు దుకాణంలో, స్టూలు మీద కూర్చుని, మిషనక్క ముందు చేతులు కట్టుకున్నాడు.

"నువ్వు వెళ్ళకు" అన్నాడు. వినిపించింది ఆమె గొంతే, ఆ పైన మాటలూ ఆమెవే అన్నట్టు. "నాకు అక్కడ ఏం తెలుసు? ఎవరికేం చెప్పగలను? నవ్వుతారు. వచ్చే నెలలో కేసు తేలిపోతుంది. ఇన్నేళ్ళు ఆగాను, ఒక్క నెల ఆగలేనా?"

మిషనక్క చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. తన లోపలి మాటే బయటినుంచి వస్తున్నట్టు ఉంది. అది నిజమే అనిపించింది, ఒక్క నెలేగా అనిపించింది. ఆమె తల కిందికి వంగుతోంది, ఇంకొక్క క్షణంలో ఊపేసేదే.

లోపలి గదిలో లెక్కలు చేసుకుంటున్న గుండీ ఆ గొంతు విని పుస్తకం పడేసి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, లాయరు గారు! లాయరు గారొచ్చారు!" అని ఆయన మోకాళ్ళ దగ్గర నిలబడి, "ఇంకా మాట్లాడండి" అంది.

మిషనక్క పిల్లని చూసింది. తర్వాత లేచి, ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

సమావేశం మొదటిరోజు పిల్లని పైన సందర్శకుల వరసలో కూర్చోబెట్టి, ఆమె కింద తలుపు దగ్గర ఉత్తరం చూపించింది. కాపలావాడు చదివి నమస్కారం పెట్టి లోపలికి పంపాడు. లాయరు అప్పటికే తన చోట కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. సభాపతి హాజరు పిలుస్తూ వాళ్ళ నియోజకవర్గం దగ్గరికి వచ్చాడు.

లాయరు చటుక్కున లేచి, "హాజ—" అన్నాడు.

"—రు" అంది మిషనక్క.

అంతే. ఒక మాటలో సగం ఇటు, సగం అటు. వంతెన మీద నడుస్తున్న మనిషి అవతలి ఒడ్డు మీద కాలు పెట్టినట్టు, గొంతు దాటిపోయింది. హాజరు పిలిచినప్పుడు ప్రమాణం చేసిన గొంతు తన మనిషి దగ్గరికే వెళ్ళాలనీ, ఆపైన మరొకళ్ళకి దాని మీద హక్కు లేదనీ సభ నిబంధన. ఆ మాట కార్యదర్శి పుస్తకం తీసి చదివి వినిపించాడు. లాయరు గొంతులో వెలక్కాయ పడ్డట్టు నిలబడి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. తన గొంతు కోసం లోపలంతా వెతుక్కుంటున్నాడని చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంది. ఏడేళ్ళకి పైగా వాడని గొంతు. లోపల ఏమీ లేదు. దోమ కూడా లేదు.

"నాలుగేళ్ళు రాకపోవడానికి కారణం?" అని అడిగాడు సభాపతి.

మిషనక్క ఒకసారి గొంతు సవరించుకుంది. ఆ చిన్న చప్పుడుకే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా గొంతు వేరే పనిమీద బయటికి వెళ్ళిందండీ. ఇప్పుడే వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. కార్యదర్శి, కారణం సబబుగానే ఉందని రాసుకున్నాడు. ఇద్దరు కాపలావాళ్ళు లాయరుని మోచేతుల దగ్గర పట్టుకుని మర్యాదగా తలుపుదాకా తీసుకెళ్ళారు. మిషనక్క ఆ పూటంతా ఆ కుర్చీలో కూర్చుంది. మంత్రి పదవి వేరే ఎవరికో ఇచ్చారు.

సభ ముగియగానే ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళింది. గుండీ అటు తిరిగి కిటికీలోంచి కిందికి చూస్తోంది. మిషనక్క ఏడేళ్ళుగా దాచుకున్న పిలుపు పిలిచింది.

"గుండీ!"

పిల్ల గిరుక్కున తిరిగి, సంబరంగా, తల్లి వెనక్కి చూసింది. లాయరు కోసం. అక్కడెవరూ లేరు. మళ్ళీ "గుండీ, నేనేరా" అని వినిపించేసరికి తల్లి పెదవుల వైపు చూసింది.  గోడకి ఆనుకుని నిలబడింది.

"నువ్వెందుకు ఆయనలా మాట్లాడుతున్నావ్?" అంది. "అది లాయరు గారిది. ఇచ్చెయ్యమ్మా. నాకు భయమేస్తోంది."

మిషనక్క ఒకడుగు వెనక్కి వేసింది. ఎన్నో చెప్పాలని వచ్చింది. అన్నీ మింగేసి, చెయ్యి చాపింది. పిల్ల ఆ చెయ్యి మాత్రం పట్టుకుంది.

బస్సు మూడు గంటల ప్రయాణం. గుండీ కిటికీ పక్కన ఆ చివరికి జరిగి, మధ్యలో సంచి పెట్టింది. మిషనక్క నోరు మెదపలేదు. గొంతు లేని రోజుల్లో కూడా ఆమె ఇంత గట్టిగా పెదవులు బిగించుకోలేదు. వాళ్ళ వెనక రెండు వరసలవతల లాయరు కూర్చున్నాడు. ఆయన్ని తీసుకెళ్ళడానికి కారు రాలేదు.

కండక్టరు వచ్చి ఆయన్ని అడిగాడు. "ఎక్కడికండీ?" లాయరు పెదవులు కదిలాయి. "ఏంటండీ? వినపళ్ళేదు." మళ్ళీ కదిలాయి. వేలితో ముందుకి చూపించాడు. "ముందు చాలా ఊళ్ళున్నాయి సార్, ఏ ఊరో చెప్పాలి. నోరు తెరిస్తే ముత్యాలేమైనా రాలిపోతాయా?" అని కండక్టరు విసుక్కున్నాడు. బస్సులో ఒకరిద్దరు నవ్వారు. లాయరు కళ్ళు నేలకి దిగిపోయాయి.

మిషనక్క వినీ విననట్టు ఊరుకుందామనుకుంది. 

"ఆయనది మా ఊరే బాబూ" అంది చివరికి, వెనక్కి తిరక్కుండా. "మార్కెట్టు దగ్గర దింపండి. మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసి దింపండి."

"అలాగేనమ్మా" అన్నాడు కండక్టరు, ఒక్కసారిగా మెత్తబడిపోయి.

గుండీ ఇటు తిరిగింది. తల్లి నోటినే చూస్తూ ఉండిపోయింది. ఆ గొంతు ఇంతకాలం మైకుల్లో చెప్పిన మాటల్లో మెట్టు గురించి ఎప్పుడూ లేదు.

"అమ్మా" అంది కాసేపటికి, "నీకు నా అసలు పేరు కూడా తెలుసా?"

మిషనక్క చెప్పింది. చాలా మెల్లగా, బస్సు చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా.

పిల్ల మధ్యలో ఉన్న సంచి మీద చెయ్యి వేసింది. సంచి తీసి కింద పెట్టింది.

"ఇంకోసారి" అంది గుండీ, భయపడుతూనే దగ్గరికి జరిగి.